ఆవిష్కరణ తేదీ పెట్టేముందు ఒక్కసారి మట్టి చూడటానికి రండి

గుంటూరు, విజయవాడ, చుట్టుపక్కల ఊళ్ళలో విగ్రహ కమిటీలు నడిపే పెద్దలందరికీ నమస్కారం.

నేనెవరో మీకు తెలీదు గానీ మీలో కొంతమందికి నేను టీ ఇచ్చాను. గుంటూరు ఊరి చివర ఒక శిల్పశాలలో మూడేళ్ళుగా పని నేర్చుకుంటున్నాను. మీరు లోపలికి రాగానే "అమ్మాయ్, మాస్టారు లేరా?" అని అడిగేది నన్నే. ఉన్నారని చెప్పి, కుర్చీల మీద పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) దుమ్ము తుడిచి, టీ తెప్పించి, మళ్ళీ నా మట్టి దగ్గరికి పోయి పిసుక్కుంటూ మీ మాటలు వింటూ ఉంటాను. మూడేళ్ళు విన్నాక రాస్తున్న ఉత్తరం ఇది. మాస్టారికి చూపిస్తే "రాయి, తప్పేం లేదు, నా పేరు మాత్రం పెట్టకు, నాకింకా బ్యాలెన్సులు రావాలి" అన్నారు.

ముందు మీ ఫోన్ సంగతి. ఏ ఊరి నుంచి చేసినా అదే ఫోన్. "మాస్టారూ, జయంతి ఇరవయ్యో తారీఖు, మంత్రిగారు డేట్ ఇచ్చేశారు, ఫ్లెక్సీలు కూడా కొట్టించేశాం, ఏడడుగుల విగ్రహం కావాలి." ఆ ఫోన్ వచ్చేసరికి అయిదో తారీఖు. తర్వాత వాట్సాప్‌లో ఒక ఫోటో వస్తుంది, ఏదో పెళ్ళిలో తీసింది, పక్కన నిలబడ్డవాళ్ళని కత్తిరించేశారు, మెడలో దండ, కళ్ళకి నల్లద్దాలు. కింద మెసేజ్: "కళ్ళజోడు తీసేసి చెయ్యండి." అద్దాల వెనక కళ్ళెలా ఉంటాయో మాకెలా తెలుస్తుందండీ?

పదిహేను రోజుల్లో ఏం జరుగుతుందో మీకెవరూ చెప్పి ఉండరు, నేను చెప్తాను. విగ్రహం అంటే ముందు మట్టిలో చేసి, దానికి అచ్చు తీసి, ఆ అచ్చులో ఫైబర్ పోసేది. మా షెడ్డు వెనక రేకుల కింద కొన్ని బాడీల అచ్చులు ఉంటాయి. పంచె, ఉత్తరీయం ఉన్నది ఒకటి, ప్యాంటు చొక్కా వేసుకుని కుడిచెయ్యి ఊపేది ఒకటి, సూటుది ఒకటి. ఎప్పుడో ఎవరికోసమో మట్టిలో చేసినవి, అచ్చులు మిగిలాయి. మీ ఫోన్ రాగానే అందులో ఒకటి ఫైబర్ పోసి తీస్తాం. మట్టిలో కొత్తగా చేసేది తల ఒక్కటే, అది కూడా మూడు నాలుగు రోజుల్లో. తలని కాలర్ దగ్గర అతికించి, జాయింటులో పుట్టీ పెట్టి, గ్రైండర్‌తో గీకి, ఎమరీ పేపర్ కొట్టి, పైన కంచు రంగు వేస్తే లారీ ఎక్కుతుంది. ఒకే పంచె బాడీ ఒక్క ఏడాదిలో మూడు ఊళ్ళకి వెళ్ళడం నేను చూశాను, అందులో ఇద్దరు బతికున్నన్నాళ్ళూ ఒకరి మీద ఒకరు పోటీ చేసినవాళ్ళు. ఇప్పుడిద్దరికీ ఒకటే చేతి గడియారం, ఒకటే బొజ్జ.

ఇందులో మా తప్పు లేదని అనను. అచ్చు బాడీ అయితే ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ, చేసేవాళ్ళకీ అదే సుఖం. కానీ మొదట ఈ అలవాటు చేయించింది మీ తేదీలే.

ఫలానా ఆయన బొజ్జ ఇంకొకాయనకి వెళ్తే కొంప మునిగిందా అనొచ్చు మీరు. మునిగేది నేర్చుకునేవాళ్ళది. శిల్పం కాలేజీలో చదువుకోవాలంటే తిరుపతిలో టీటీడీ వాళ్ళ శిల్ప విద్యాసంస్థ ఉంది, కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. ఇల్లు వదిలి వెళ్ళలేని నాలాంటివాళ్ళకి ఈ షెడ్డే కాలేజీ, మీరిచ్చే ఆర్డరే సిలబస్. మీరు తల మాత్రమే అడిగితే మేం తల మాత్రమే నేర్చుకుంటాం. నాతో పాటు చేరిన ఒకబ్బాయి రెండేళ్ళ పాటు జాయింట్లు గీకి, ఎమరీ కొట్టి, రంగు వేసి, చివరికి కార్ల టింకరింగ్ షెడ్డులో చేరిపోయాడు. అక్కడా అదే పని, జీతం మాత్రం ఎక్కువ. వాణ్ణి తప్పు పట్టలేను.

అసలు పని నేర్చుకోవడం అంటే ఏమిటో కొంచెం చెప్తాను, విసుక్కోకండి.

మొదటి రెండు నెలలూ మట్టి. చెరువు మట్టి తెచ్చి, నానబెట్టి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, కాళ్ళతో తొక్కి, చేత్తో బండకేసి కొడుతూ లోపల గాలి లేకుండా చెయ్యడం. తర్వాత ఇనప ఊచతో ఆర్మేచర్, అంటే లోపలి అస్థిపంజరం. దానికి తీగలతో చిన్న చిన్న చెక్కముక్కల్ని శిలువల్లా కట్టి వేలాడదీస్తాం, పైన మట్టి వేశాక బరువుకి జారిపోకుండా అవి పట్టుకుంటాయి. ఇవి కట్టకుండా బద్ధకించి మొదటిసారి నేను చేసిన బస్టు, అంటే ఛాతీ దాకా ఉండే విగ్రహం, రాత్రికి రాత్రి గడ్డం గుండెల్లోకి దిగిపోయి పొద్దున నావైపు బిక్కమొహం వేసుకుని చూసింది.

గుంటూరు ఎండలో ఇంకో గోల ఉంది. మట్టి ఎండితే బీటలు వస్తాయి, అందుకని రాత్రి వెళ్ళేముందు తడి గుడ్డలు కప్పి పైన పాలిథిన్ షీటు చుట్టాలి. నేను చేరిన మొదటి మే నెలలో గుడ్డలు చాలక, మిర్చి యార్డు దగ్గర చవగ్గా దొరికాయని టిక్కీల, అంటే మిర్చి బస్తాల, పాత గోతాలు తెచ్చి, నీళ్ళలో ముంచి, పిండి, ఒక పెద్దాయన మొహం మీద కప్పాను. తెల్లారి షీటు తీసి, ఆ మట్టినే చేతుల్లోకి తీసుకుని రెండు గంటలు పని చేసి, చెమట పడితే కన్ను తుడుచుకున్నాను. ఇక చూడండి. పంపు కింద తల పెట్టి గంటసేపు ఏడ్చాను, మాస్టారు నవ్వలేక, తిట్టలేక పక్కకి పోయారు. ఇప్పుడు గోతాలు మూడు నీళ్ళు మార్చి ఉతికాకే మట్టి మీదికి వస్తాయి.

మట్టి తర్వాత చెవి. ఒక్క చెవి నెలరోజులు. చెవి ఎవరూ చూడరు కదా అని నేనన్నాను, "చూడరు కాబట్టే నీకు రాదు" అన్నారు మాస్టారు. స్టాండు మీద మట్టి పెట్టాక అయిదు నిమిషాలకోసారి తిప్పాలి, ముందు నుంచి బాగుందని అక్కడే పని చేస్తూ కూర్చుంటే పక్క నుంచి చూసినప్పుడు తల రొట్టెలా ఉంటుంది. కొలతలు రెండు రకాలు నేర్పారు. శాస్త్రం ప్రకారం దేవతా విగ్రహానికి తాళాలు, తాళం అంటే దాదాపు మొహం పొడవు, తాళానికి పన్నెండు అంగుళాలు (ఇవి ఇంచీలు కాదు, విగ్రహాన్ని బట్టి మారే భాగాలు), ఉత్తమ దశతాళం అంటే పది తాళాల మీద ఇంకో నాలుగు, మొత్తం 124 అంగుళాలు. మామూలు మనిషైతే తన తలలు ఏడున్నర పెడితే ఎంతో అంత ఎత్తు. మా రేకుల కింద ఉన్న పంచె బాడీ ఎనిమిది తలల ఎత్తుకి చేసింది, హీరోలా కనపడాలని. పొట్టిగా, గుండ్రంగా, నవ్వుతూ ఉండే ఒక సర్పంచ్‌గారి తల దానిమీద పెట్టినప్పుడు ఆయన మనవడు మాస్టారిని పక్కకి పిలిచి "తాతయ్య ఎవరి మీదో ఎక్కి కూర్చున్నట్టు ఉన్నాడండీ" అన్నాడు. పిల్లాడికి ఏడేళ్ళుంటాయేమో, కమిటీలో వాడొక్కడే సరిగ్గా చూశాడు.

బట్ట మడతలు ఇంకా కష్టం. అందుకోసం మాస్టారు నన్ను విజయవాడ బందరు రోడ్డులో ఉన్న బాపు మ్యూజియానికి పంపేవారు. అక్కడ అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధుడున్నాడు, తెల్లటి సున్నపురాయి. మన కృష్ణా లోయ బుద్ధుల్లో కుడి భుజం వదిలేసి ఎడమ భుజం మీంచి చీవరం, అంటే భిక్షువు కప్పుకునే బట్ట, దిగుతుంది, పాదాల దగ్గర అంచు దళసరిగా మడత పడుతుంది. ఆ మడతలన్నీ ఎక్కడి నుంచి లాగుతున్నాయో వెతుకుతూ గీసుకుంటూ కూర్చునేదాన్ని. లోపల ఒళ్ళు ఉంది కాబట్టి పైన మడత ఉంది, అది పట్టుకోవడానికి నాకు నాలుగు ట్రిప్పులు పట్టింది. తర్వాత షెడ్డుకి వచ్చి మా పంచె బాడీ చూస్తే ఎవరో దువ్వెనతో గీసినట్టుంది, లోపల మనిషి లేడు.

అమరావతి బౌద్ధ స్తూపం చెక్కడపు పలకల్లో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి, మన పక్కూరి రాళ్ళని మనం పుస్తకాల్లో చూసుకోవాల్సిందే. అందులో నాలాగిరి ఏనుగుది ఒక గుండ్రటి పలక ఉంది, చెన్నైలో. మదించిన ఏనుగు వీధిలోకి వస్తుంది, జనం హడలిపోతారు, ఆ ఏనుగే మరోపక్క బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. భయపడ్డ జనంలో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా ఒంగారు, ఒక్కో రకంగా పక్కవాళ్ళని పట్టుకున్నారు. చేటంత రాతిలో వీధంతా దూర్చినవాళ్ళు కూడా ఒకరి ఒళ్ళు ఇంకొకరికి పెట్టలేదు. మనం ఏడడుగుల మనిషికి పెడుతున్నాం.

ఇక దిమ్మ. ఇది మీరు మాకు చివర్న చెప్తారు, ఒక్కోసారి అసలు చెప్పరు. నాలుగడుగుల దిమ్మ అన్నారని లెక్క వేసి చేస్తే, తీరా అక్కడికెళ్ళాక పక్క ఊళ్ళో దిమ్మ పదడుగులుందని మీరు పన్నెండడుగులు కట్టించి ఉంటారు. కింద నుంచి చూస్తే గడ్డం, ముక్కు రంధ్రాలు కనపడతాయి, కళ్ళు కనపడవు. ఎత్తు మీద నిలబడేదానికి తల కొంచెం పెద్దది చెయ్యాలి, కొంచెం కిందికి వంచాలి, కనుబొమల కింద లోతు మార్చాలి, అదంతా మట్టిలో ఉన్నప్పుడే చెయ్యగలం. విజయవాడ స్వరాజ్ మైదాన్‌లో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేద్కర్‌గారి విగ్రహం 125 అడుగులు, కింద పీఠమే 81 అడుగులు. నేర్చుకునేవాళ్ళకి నేను చెప్పేదేంటంటే ఒకసారి దాని కిందికి వెళ్ళి నిలబడి, తర్వాత బందరు రోడ్డు దాకా వెనక్కి నడుచుకుంటూ మొహం ఎక్కడ ఎలా మారుతుందో చూడండి, ఉచితంగా ఒక క్లాసు అయిపోతుంది.

సరే, అన్నీ ఫిర్యాదులే కాదు, మంచి కమిటీ గురించి కూడా చెప్తాను, ఎందుకంటే నేను నిజంగా పని నేర్చుకున్నది ఆ ఒక్క విగ్రహం దగ్గరే.

పొన్నూరు వైపు ఒక ఊళ్ళో హెడ్‌మాస్టర్‌గా చేసి చనిపోయినాయన. పాత విద్యార్థులు కలిసి కమిటీ వేసుకున్నారు. మూడు నెలల టైం ఇచ్చారు, తేదీ మీరే చెప్పండి అన్నారు, మాస్టారు ఆ మాట నమ్మలేక రెండుసార్లు అడిగారు. ఫోటోలు పదో పన్నెండో తెచ్చారు, ఒక గ్రూప్ ఫోటోలో ఆయన పక్కకి తిరిగి పిల్లాణ్ణి కసురుతున్నాడు, మాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. మట్టి పని ముప్పావు వంతు అయ్యాక ఆయన భార్యని తీసుకొచ్చారు. ఎనభై దాటి ఉంటాయి ఆవిడకి. అందరూ మొహం చూస్తుంటే ఆవిడ మొహం వైపు చూడకుండా చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి నిలబడింది. చాలాసేపు నిలబడింది. "ముందు నుంచి ఆయనే. వెనక నుంచి కాదు నాయనా" అంది.

మాస్టారు "ఏం తేడా అమ్మా?" అని అడిగితే వెంటనే చెప్పలేకపోయింది. మళ్ళీ చూసి, "ఎడమ భుజం ఎత్తుగా ఉండేది. పుస్తకాల సంచి జారిపోకుండా ఎప్పుడూ ఇట్లా పట్టేవాడు, సంచి లేకపోయినా అట్లాగే నడిచేవాడు. యాభై ఏళ్ళు ఆయన వెనకే నడిచాను కదా" అని తన భుజం ఎత్తి చూపించింది.

ఆ సాయంత్రం మాస్టారు తీగతో ఎడమ భుజం మట్టి మొత్తం కోసి తీసేశారు. ఇనప ఊచ కనపడింది. దాన్ని పైపు పెట్టి నేనూ ఇంకో అబ్బాయీ పైకి వంచాం. భుజం ఒకటే కదా, రెండు గంటల పని అనుకున్నాను. భుజం లేచేసరికి మెడ పక్క గీత మారింది, మెడ మారేసరికి తల ఒరిగింది, కింద చొక్కా మడతలన్నీ చంకలోకి లాగాయి, నడుం రెండోపక్కకి వాలింది, బరువు కుడికాలి మీదికి వెళ్ళింది. రెండు రోజులు పట్టింది. మాస్టారు ఒక్కో చోట వేలు పెట్టి "ఇప్పుడిది ఎటు పోవాలి?" అని నన్ను అడిగేవారు, నేను చెప్పాక నన్నే చెయ్యమనేవారు. మనిషి ఒళ్ళంతా ఒకే ముక్క అని నాకు ఆ రెండు రోజుల్లో తెలిసింది.

ఆవిడ మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెనక్కే వెళ్ళింది. ఈసారి ఏం మాట్లాడకుండా దగ్గరికి వచ్చి, చంక కింద చొక్కా ఉన్న చోట బొటనవేలితో గట్టిగా నొక్కింది, "ఇక్కడ నలిగేది" అని. నొక్కాక భయపడి చెయ్యి లాగేసుకుంది, పాడు చేశానా అని. నేను నునుపు చెయ్యబోతే మాస్టారు నా చేతి మీద కొట్టారు. ఆ వేలిముద్ర అచ్చులోకి వెళ్ళింది, ఫైబర్‌లోకి వచ్చింది, ఇప్పుడా ఊరి స్కూలు ఆవరణలో విగ్రహం వెనక ఉంది, తెలిసినవాళ్ళకి కనపడుతుంది.

దీనికి సరిగ్గా ఎదురు కథ కూడా నాదే ఉంది. పది రోజుల ఆర్డర్ ఒకటి, తలని పీఓపీ అచ్చు తియ్యాలి. మట్టి మీద వేసే మొదటి పీఓపీ పూతలో కొంచెం బట్టల నీలం కలుపుతాం, దానిమీద తెల్ల పీఓపీ కొబ్బరిపీచు పెట్టి దళసరిగా వేస్తాం. తర్వాత లోపల మట్టి తవ్వేసి, సబ్బు పూసి, అందులో అసలు విగ్రహం పోసి, గట్టిపడ్డాక పై అచ్చుని ఉలితో పగలగొట్టుకుంటూ వస్తే, నీలం కనపడగానే చెయ్యి నెమ్మది చెయ్యాలని గుర్తు. ఆ పల్చటి పూత అవతలే మొహం ఉంటుంది కాబట్టి. ఆ హడావుడిలో నీలం కలపడం మర్చిపోయాం. రాత్రి ఒంటిగంటకి ట్యూబ్‌లైటు కింద తెలుపు మీద తెలుపు కొట్టుకుంటూ పోయాను, ఒక దెబ్బకి ముక్కు కొస ఎగిరి గోడకి తగిలింది. ముక్క దొరకలేదు. ఫోటో చూసి నేనే కొత్త ముక్కు పెట్టాను. ఆవిష్కరణ రోజు ఆయన కూతురు చూసి "ముక్కు మా నాన్నది కాదు" అంది, కమిటీ ఆయన ఒకరు "ఎండకి అలా కనపడుతుందమ్మా" అని సర్దిచెప్పారు. నేను జనం వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

హడావుడిలో పోయేది ముక్కులొక్కటే అయితే సరే. ఫైబర్ పనిలో రెజిన్‌కి, అంటే ఫైబర్‌ని పట్టి ఉంచే జిగురు ద్రవానికి, అది గట్టిపడటానికి కోబాల్టు, హార్డెనర్ రెండూ కలపాలి, కానీ ఆ రెండిటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలుతుంది, విడివిడిగా రెజిన్‌లోనే కలపాలి. రాత్రి రెండింటికి నిద్రమత్తులో డబ్బాలు పట్టుకుని నిలబడ్డ పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి తలుచుకోండి. గ్రైండింగ్ దుమ్ముకి మాస్కులు ఉన్నాయి, తొందరలో ఎవరూ పెట్టుకోరు.

కాబట్టి నేనడిగేవి చెప్పేస్తాను. తేదీ ముందు పెట్టకండి, మట్టి బాగుందని మీరు ఒప్పుకున్నాక పెట్టండి, మూడు నెలలు ఇవ్వండి. జయంతులు ఏటా అదే రోజు వస్తాయి కదా, ముందు ఏడాదే గుర్తుపెట్టుకుంటే పోయేదేం లేదు. రోడ్ల మీద విగ్రహాలకి అనుమతులివ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు చెప్పాక రాత్రికి రాత్రి నిలబెట్టేసే హడావుడి ఒకటి మొదలైంది, దాని సంగతి మీకే బాగా తెలుసు, స్థలం కాగితాలు తేల్చుకున్నాకే మా దగ్గరికి రండి, మాకూ టెన్షన్ తగ్గుతుంది. అడ్వాన్స్‌లో మట్టి పనికి విడిగా ఇంత అని ఇవ్వండి, అది ఉంటే మాస్టారు రేకుల వైపు చూడరు. "ఇది కొత్త బాడీయేనా?" అని అడగండి, అడిగే హక్కు మీకుంది, అడిగితే మాకు సిగ్గేస్తుంది, అది మంచిదే. దిమ్మ ఎత్తు మొదటిరోజే చెప్పండి. ఫోటోలు పక్క నుంచి తీసినవి, మాట్లాడుతూ ఉన్నవి, తిడుతూ ఉన్నవి తెండి, దండలు వేసినవి వద్దు. వీలైతే ఆయన చొక్కా ఒకటి, చెప్పులు తెండి, అరిగిన చెప్పు చూస్తే నడక తెలుస్తుంది.

మట్టి చూడటానికి వచ్చేటప్పుడు నాయకులని మాత్రమే తీసుకురాకండి. వాళ్ళు మొహం చూసి, సెల్ఫీ తీసుకుని, "నవ్వు కొంచెం పెంచండి" అని వెళ్ళిపోతారు. ఆయనకి రోజూ క్షవరం చేసినతన్ని తీసుకురండి, తల వెనక ఎలా ఉండేదో అతనికే తెలుసు. ఆయనతో పాటు పొలంలో తిరిగినవాళ్ళని, ఇంట్లో ఆడవాళ్ళని తీసుకురండి. వాళ్ళు చెప్పేది మాస్టారితో పాటు నాకూ వినపడేలా చెప్పమనండి.

ఉండవల్లి గుహల పై అంతస్తుల్లో పని పూర్తికాకుండా ఆగిపోయిన భాగాలున్నాయి. ఎందుకు ఆగిందో గానీ, అప్పుడు ఫ్లెక్సీలు కొట్టించేసి ఉండరు, అది మాత్రం గ్యారంటీ.

చివరగా ఒక కమిటీవారికి విడిగా ఒక మాట, ఎవరో మీకు తెలుస్తుంది. మీరు పంపిన మూడు ఫోటోల్లోనూ పెద్దాయన ఎడమ చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే ఉన్నారు. ఆదివారం వస్తామన్నారు, పోయిన ఆదివారం కూడా అలాగే అన్నారు. రోజుకి రెండుసార్లు గోతాలు తడుపుతున్నాం, ఉతికినవే. కుడివైపంతా అయిపోయింది. ఎడమ చెవి చోట మట్టి ముద్ద పెట్టి అలాగే ఉంచాను, ఆ చెవి చూసినవాళ్ళని ఎవరినైనా ఒక్కరిని వెంటబెట్టుకుని రండి.